పేజీకి రెండు నిమిషాలు

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. బ్యానర్లు కడతారు, పిల్లలకు వ్యాసరచన పోటీలు పెడతారు, వేదిక ఎక్కిన ప్రతి ఒక్కరూ పుస్తకాలు చదవమని చెప్పి దిగుతారు. రోజుకు ఎంత చదవాలి, ఏ వేళప్పుడు చదవాలి, ఉత్సాహంగా మొదలుపెట్టినవాళ్లు ఇరవయ్యో పేజీ దగ్గర ఎందుకు ఆగిపోతారు అన్నది మాత్రం ఎవరూ చెప్పరు. మీ పత్రికలో ఆ వారం వచ్చే వ్యాసాలూ అలాంటివే. పుస్తకాన్ని పొగిడినంత మాత్రాన చదివేవాళ్లు పెరగరు. వాళ్లకు కావలసింది కాస్త లెక్క, కాస్త పద్ధతి. ఉత్తరం పొడుగ్గా ఉంది. కత్తిరించక తప్పకపోతే మధ్యలో ఎక్కడైనా కత్తిరించండి, చివర మాత్రం ఉంచండి. మిమ్మల్ని అడగాల్సింది అక్కడుంది.

ముందు లెక్క. డెమ్మీ సైజు, అంటే మామూలుగా నవలలు వేసే సైజు తెలుగు పుస్తకంలో పేజీకి సుమారు 28 లైన్లు, లైనుకు ఏడెనిమిది మాటలు ఉంటాయి. అంటే పేజీకి రెండొందల పైచిలుకు మాటలు. చదివే అలవాటున్న మనిషికి ఆ పేజీ రెండు నిమిషాల పని. దానికంటే చిన్నదైన క్రౌన్ సైజయితే ఇంకా తక్కువ. ఇంగ్లీషువాళ్లు నిమిషానికి 240 మాటలు చదువుతారన్న లెక్కను తెచ్చి మనకు అతికించుకోకూడదు. తెలుగులో విభక్తులూ ప్రత్యయాలూ మాటకే అతుక్కుని ఉంటాయి కాబట్టి మాటలు తక్కువైనా ఒక్కొక్కటీ బరువుగా ఉంటుంది. అందుకే మాటలు కాకుండా పేజీలు లెక్కపెట్టుకోవడం మేలు. రోజుకు 25 నిమిషాలంటే 12 పేజీలు. రెండు వారాలకు 168 పేజీలు. మామూలు తెలుగు నవలగానీ కథల సంపుటిగానీ 150, 200 పేజీల మధ్యలోనే ఉంటుంది. లైబ్రరీలో పుస్తకం ఇచ్చే గడువు కూడా సాధారణంగా రెండు వారాలే. రోజుకు 12 పేజీలు తిప్పేవాడు గడువు పొడిగించమని అడగాల్సిన అవసరం దాదాపు రాదు. ఏడాది మొత్తానికి 4,380 పేజీలు. పెళ్లిళ్లకీ పండగలకీ జ్వరాలకీ అందులో మూడో వంతు తీసేసినా 2,900 పైన మిగులుతాయి. అంటే పదిహేను, పదహారు పుస్తకాలు. ఇరవై ఏళ్లకు మూడొందలు దాటుతాయి. ఓ మోస్తరు శాఖా గ్రంథాలయంలో రెండు బీరువాలు నిండే సరుకు అది.

మరి అందరూ టైము లేదంటారేం? సగం మంది విషయంలో అది నిజం కాదు. అబద్ధమాడుతున్నారని కాదు, అసలు కారణం ఏదో వాళ్లకే తెలియదు. తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఎప్పుడూ చూడని తెలుగు నవల ఒకటి తీసి, ఫోనులో స్టాప్‌వాచీ పెట్టి, మధ్యలోంచి ఐదు పేజీలు మామూలుగా చదవండి. పది పన్నెండు నిమిషాల్లో అయిందంటే మీ ఇబ్బంది నిజంగా టైముదే. పదిహేను దాటి ఇరవైకి దగ్గరపడిందంటే అది టైము ఇబ్బంది కాదు, సాధన తప్పింది. ఈ రెండింటికీ మందులు వేరు.

సాధన తప్పడమంటే ఏమిటో కొంచెం వివరంగా చెప్పాలి. చదివేటప్పుడు కన్ను లైను మీద జారుకుంటూ పోదు. ఒకచోట పావు సెకను ఆగి, గెంతి, మళ్లీ ఆగుతుంది. బాగా చదివేవాళ్లకైనా నూటికి పది, పదిహేను గెంతులు వెనక్కే పడతాయి. ఆగిన ఆ పావు సెకనులో మాట మొత్తం ఒకే ఆకారంగా తెలిసిపోతే మెదడుకు అర్థం మీద పనిచేసే వీలుంటుంది. తెలుగులో కొమ్ములూ గుడులూ పైన, వత్తులు కింద, సంధి కలిసి పొడుగు మాటలు అడ్డంగా. పదేళ్లు తెలుగు పుస్తకం ముట్టని మనిషి వీటిని మళ్లీ అక్షరం అక్షరం కూడబలుక్కుంటాడు. ఉన్న శక్తంతా అక్షరాలకే ఖర్చయి, వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోతాడు. దాన్నే ‘బోరు కొడుతోంది’ అంటాడు. పుస్తకం బోరు కాదు. మెదడు మోత పని చేస్తోందంతే. ఇంగ్లీషు మీడియంలో చదివి, తెలుగును రెండో భాషగా పాసై వదిలేసిన పాతికా నలభై ఐదేళ్ల మధ్యవాళ్లలో ఇది చాలా ఎక్కువ. వాళ్లు తమకు ఆసక్తి పోయిందనుకుంటారు. అసలు పోయింది వేగం.

దీనికి మందు ఉంది, ఖర్చు లేదు. ఏదైనా కథలో ఒక పేజీ తీసుకుని పైకి చదవాలి. అదే పేజీ వెంటనే రెండోసారి, మూడోసారి. రోజుకు పది నిమిషాలు, మూడు వారాలు. మర్నాడు తర్వాతి పేజీ. పిల్లల చదువు మీద పనిచేసిన శామ్యూల్స్ అనే అమెరికన్ పరిశోధకుడు 1979లో ఈ పద్ధతిని రాసి పెట్టాడు. ఒక పేజీని మళ్లీమళ్లీ చదవడం వల్ల వచ్చిన వేగం కొత్త పేజీకి కూడా కొంత అంటుకుంటుంది. నామోషీ అనుకుంటే తలుపు వేసుకుని చదవండి. ఇందులో జరిగే పొరపాటు ఒక్కటే. మూడుసార్లు ఎందుకులే అని ఒక్కసారితో సరిపెట్టి మూడు పేజీలు చదువుతారు. అలా చేస్తే కూడబలుక్కోవడమే మళ్లీ అలవాటవుతుంది. ఇంకో జాగ్రత్త అక్షరం సైజు. మొదట్లో 13, 14 పాయింట్ల అక్షరంతో, లైన్ల మధ్య ఎడం ఉన్న పుస్తకం ఎంచుకోవాలి. కాగితం ఆదా కోసం 11 పాయింట్లలో ఇరికించి వేసినవీ, అక్షరాలు అరిగి వత్తులు విరిగిన పాత లెటర్‌ప్రెస్ ప్రతులూ తర్వాతెప్పుడైనా చూసుకోవచ్చు.

ఇప్పుడు పుస్తకం ఎంపిక. నేను చూసినంతలో అలవాటు చచ్చిపోయేది ఎక్కువగా ఇక్కడే. చదువుదామన్న తీర్మానం గట్టిగా ఉన్నవాళ్లు నేరుగా వెళ్లి వెయ్యి పేజీల మహానవల కొంటారు. అది టీవీ పక్కన అలంకారంగా మిగులుతుంది. లేదా ఎవరో కానుకగా ఇచ్చిన వ్యక్తిత్వ వికాసం పుస్తకంతో మొదలుపెడతారు. నా మాట చాలామందికి నచ్చకపోవచ్చుగానీ, మొదటి పుస్తకంగా అది పనికిరాదు. మొదటి అధ్యాయంలో చెప్పిందే పదో అధ్యాయంలోనూ ఉంటుంది కాబట్టి రేపు రాత్రి మళ్లీ తెరవాలన్న ఆత్రం కలగదు. పైగా వాటిలో చాలావరకు అనువాదాలు. హడావిడి అనువాదమైతే వాక్యమే కాలికి అడ్డం పడుతుంది. అలవాటు కుదిరేదాకా ‘తర్వాతేమైంది’ అనిపించే పుస్తకం కావాలి. పది పన్నెండు పేజీల కథలున్న సంపుటి, నూటయాభై పేజీలు మించని నవల, ఆత్మకథ, యాత్రా కథనం. మంచి సాహిత్యం కాదని ఎవరైనా పెదవి విరిస్తే విరవనివ్వండి.

కష్టం ఎంత ఉండాలన్నదానికి ఒక కొలత ఉంది. పక్కనెవరి సాయం లేకుండా హాయిగా చదువుకోవాలంటే పేజీలో నూటికి 98 మాటలు తెలిసి ఉండాలని భాషాబోధన మీద పనిచేసినవాళ్లు తేల్చారు. మన రెండొందల మాటల పేజీకి అది నాలుగు కొత్త మాటలు. బడిలో పిల్లలకు చెప్పే ఐదు వేళ్ల పద్ధతి కూడా ఇదే లెక్క. పేజీ చదువుతూ తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు మడవడం, అయిదూ మడిచారంటే ఆ పుస్తకాన్ని ఇప్పటికి పక్కన పెట్టడం. పెద్దలకూ ఇది పనికొస్తుంది, ఒక్క మినహాయింపుతో. కృష్ణా, గుంటూరు వాళ్లు పాలమూరు యాసలో రాసిన నవల తీసినా, కరీంనగర్ వాళ్లు ఉత్తరాంధ్ర కథలు తీసినా మొదటి పేజీలో ఐదు వేళ్లు కాదు, పదీ మడుచుకుంటాయి. అప్పుడు భయపడకూడదు. యాసలో కొత్తగా కనిపించే మాటలు మళ్లీమళ్లీ అవే వస్తాయి, ముప్ఫయ్యో పేజీకల్లా చెవికి పట్టుబడతాయి. పాత గ్రాంథిక వచనం అలా కాదు. అక్కడ కొత్త మాట ప్రతి పేజీలోనూ కొత్తదే.

యాభై పేజీలు చదివాక కూడా పుస్తకం లాగకపోతే వదిలెయ్యండి. పూర్తి చెయ్యని పుస్తకం అప్పులాంటిదనుకుని, అది పూర్తయ్యేదాకా మరొకటి తెరవకుండా ఆరు నెలలు ఏమీ చదవనివాళ్లు చాలామంది ఉన్నారు. లైబ్రరీ పుస్తకమైతే ఈ బాధే లేదు, తిరిగి ఇచ్చేస్తే అయిపోయింది.

‘రోజూ’ అన్న మాట మీద ఎందుకు ఇంత పట్టు అంటే, పుస్తకాన్ని మనసులో నిలిపి ఉంచుకోవడానికి కూడా ఖర్చుంటుంది కాబట్టి. ఆదివారం కూర్చుని మూడు గంటలు చదువుతాననే వాళ్లు కాగితం మీద రోజూ 25 నిమిషాలు చదివేవాళ్లతో సమానమే. ఆచరణలో మాత్రం కాదు. ఏడు రోజుల ఎడంలో ఎవరు ఎవరి బావమరిదో, పొలం తగాదా ఎక్కడ మొదలైందో జారిపోతుంది. మొదటి అరగంట వెనక్కి తిప్పుకోవడానికే సరిపోతుంది. వారపత్రికలవాళ్లకు ఇది బాగా తెలుసు. సీరియల్ పైన ‘జరిగిన కథ’ అని నాలుగు లైన్లు వేసేది అందుకే. నవలకు అలాంటి నాలుగు లైన్లు ఉండవు. ఒక్క వారం చుట్టాలొచ్చి ఆదివారం పోయిందంటే ఎడం పద్నాలుగు రోజులవుతుంది. ఆ పుస్తకం ఇక తెరవరు. రోజూ చదివేవాళ్లకు మధ్యలో రెండు రోజులు తప్పినా కథ తప్పదు. మూడు నాలుగు రోజులు దాటితేనే ఇబ్బంది. అందుకని ప్రయాణాలూ పెళ్లిళ్లూ ఉన్న వారంలో నవల వద్దు, కథల సంపుటి దగ్గర పెట్టుకోండి. ఏ కథకా కథ.

పాత్రలు ఎక్కువున్న పుస్తకానికి ఒక సులువుంది. పోస్టుకార్డు సైజు దళసరి కాగితం ముక్క ఒకటి పేజీల మధ్య గుర్తుగా పెట్టుకుని, దాని మీదే పెన్సిలుతో పేరు, వరస, మొదట కనిపించిన పేజీ అంకె రాసుకోండి. పది పేర్లు చాలు. అంతకుమించి నోట్సు రాయడం మొదలుపెడితే అది చదువు కాదు, పరీక్ష అవుతుంది. లైబ్రరీ పుస్తకంలో గీతలు గియ్యకండి, పేజీ మూల మడవకండి. ఇది మర్యాద కోసం చెప్పడం కాదు. మడిచిన మూల నాలుగైదు ఏళ్లలో విరిగి ఊడిపోతుంది, దానితోపాటు పేజీ అంకె పోతుంది, తర్వాత బైండింగుకు ఇచ్చినప్పుడు పేజీలు తారుమారవుతాయి.

‘మేం రోజూ పేపరు చదువుతాం కదా’ అనేవాళ్లకు మీ పత్రిక మీద గౌరవంతోనే ఒక మాట. పేపరు చదవడం వేరు. మీ వార్త రెండు మూడొందల మాటల్లో ముగుస్తుంది. ముఖ్యమైన సంగతి మొదటి పేరాలోనే చెప్పేస్తారు, చెప్పాలి కూడా. పాఠకుడు దేన్నీ మనసులో మొయ్యక్కర్లేదు. పుస్తకం చదివేవాడు నలభయ్యో పేజీలో అన్న మాటను నూటయాభయ్యో పేజీ దాకా మోసుకెళ్లాలి. ఆ మొయ్యడమే సాధన. ఫోనులో రీళ్ల గురించి చెప్పనే అక్కర్లేదు.

ఫోనులో పుస్తకమే చదివితే? 2000, 2017 మధ్య వచ్చిన 54 అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2018లో వెలువడింది. సమాచారం, వివరణ ఉన్న పాఠాన్ని కాగితం మీద చదివినవాళ్లకే ఎక్కువ అర్థమైందని, గడువు పెట్టి చదివిస్తే ఈ తేడా ఇంకా పెరిగిందని అందులో తేలింది. కథల విషయంలో అలాంటి తేడా కనబడలేదు. కాబట్టి కథైతే ఫోనులోనో ఈ-రీడరులోనో చదువుకున్నా నష్టం లేదు. చరిత్ర, అర్థశాస్త్రం, చట్టం లాంటివి కాగితం మీద చదవడం మంచిది. ఫోనులో చదివే ఆ అరగంటా డేటా ఆపేస్తారా లేదా అన్నది వేరే సంగతి, అదే పెద్ద సంగతి. కాగితం పుస్తకం చదివేటప్పుడైతే ఫోను వేరే గదిలో ఉండాలి. బోర్లించి పక్కన పెట్టుకున్నా చెయ్యి అటే పోతుంది.

చదవడం వల్ల వచ్చే లాభాల గురించి వాట్సాపులో తిరిగే అంకెలతో జాగ్రత్తగా ఉండాలి. ఆరు నిమిషాలు చదివితే ఒత్తిడి 68 శాతం తగ్గుతుందన్నది ఏ పరిశోధన పత్రికలోనూ ప్రచురణకు నోచుకోని చిన్న ప్రయోగం. సాహిత్యం చదివిన వెంటనే ఎదుటివాళ్ల మనసు ఎక్కువ తెలుస్తుందని 2013లో ఒక పెద్ద పత్రికలో వచ్చిన ఫలితం, తర్వాత ఇతరులు అదే పద్ధతిలో చేసి చూస్తే నిలబడలేదు. అమెరికాలో యాభై దాటిన 3,635 మందిని పన్నెండేళ్లు గమనించి, పుస్తకాలు చదివేవాళ్లు చదవనివాళ్ల కంటే సుమారు రెండేళ్లు ఎక్కువ బతికారని 2016లో యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు రాశారు. చదువూ ఆదాయమూ ఆరోగ్యమూ లెక్కలోకి తీసుకున్నారు, నిజమే. అయినా అది గమనించి రాసిందే, మందు ఇచ్చి పరీక్షించింది కాదు. ఆయుష్షు కోసం పుస్తకం తెరిచేవాళ్లు ఇరవయ్యో పేజీ దాటరు కూడా.

గట్టిగా నిలిచే లాభం వేరే ఉంది, అది అంత మెరుపుగా వినబడదు. చదివేవాడికి చదవడం తేలికవుతుంది. తేలికైనకొద్దీ ఎక్కువ చదువుతాడు. ఎక్కువ చదివినకొద్దీ మాటలూ సంగతులూ పోగై తర్వాతి పుస్తకం ఇంకా తేలికవుతుంది. చదవనివాడికి ఇదే చక్రం వెనక్కి తిరుగుతుంది. స్టానోవిచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1986లో దీన్ని వివరంగా రాశాడు. అమెరికాలోనే 1988లో జరిగిన ఇంకో ప్రయోగం ఉంది. బేస్‌బాల్ ఆట గురించి ఒక పేరా ఇచ్చి బడిపిల్లల చేత చదివించారు. బాగా చదవగలిగి ఆట తెలియని పిల్లల కంటే, చదవడంలో వెనకబడినా ఆట తెలిసిన పిల్లలే ఎక్కువ అర్థం చేసుకున్నారు. అర్థం కావడమనేది కొంతవరకు ముందే తెలిసి ఉండటం. గ్రూప్స్ పరీక్షలకు కూర్చునే కుర్రాళ్లు గద్యభాగం ప్రశ్నల దగ్గర తడబడేది ఇందుకే. నాలుగు గైడ్లు బట్టీ పట్టినవాడికి నీటిపారుదల మీద పేరా వస్తే అన్నీ కొత్తే. కాలువల కింద సేద్యం గురించి రెండు నవలలు చదివినవాడికి సగం తెలిసిందే. పిల్లల పుస్తకాల్లో కనిపించే అరుదైన మాటలు పెద్దవాళ్ల రోజువారీ సంభాషణలో దొర్లే వాటికంటే ఎక్కువని ఇంగ్లీషు మీద చేసిన లెక్కలు చెబుతున్నాయి. మన ఇళ్లలో మాట్లాడుకునే తెలుగు ఎంత కుదించుకుపోయిందో చూస్తే ఇక్కడ తేడా ఇంకా ఎక్కువే ఉంటుందనిపిస్తుంది.

ఏ వేళప్పుడు అన్నది ఇంటింటికీ మారుతుంది. రాత్రి పడుకునే ముందు చదువుతాం అనేవాళ్లే ఎక్కువ, విఫలమయ్యేవాళ్లూ వాళ్లే. పడుకుని చదివితే మూడో పేజీకి కునుకు పడుతుంది. భోజనానికి ముందు, కుర్చీలో, అనుకుంటే పని జరుగుతుంది. ఇల్లు చక్కబెట్టుకునే ఆడవాళ్లకు తెల్లవారుజామున చదవమని సలహా ఇచ్చేవాళ్లు ఆ వంటింట్లోకి ఒకసారి తొంగిచూడాలి. వాళ్లకు చాలా ఇళ్లలో దొరికేది మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య వేళ. ఒకప్పుడు వారపత్రికల సీరియళ్లూ, రోజుకు ఇంతని అద్దెకిచ్చే షాపుల నవలలూ నడిచింది ఎక్కువగా ఆ గంటలోనే. ఇప్పుడా గంట టీవీ సీరియల్ రిపీటుకు పోతోంది. బస్సులో చదివితే కొందరికి కడుపులో తిప్పుతుంది. కన్ను కదలని పేజీని చూస్తుంటే లోచెవికి కుదుపు తెలుస్తుంటుంది, ఆ రెండూ పొసగకపోవడం వల్ల వచ్చే వికారం అది. రైల్లో, మెట్రోలో కుదుపు తక్కువ కాబట్టి చాలామందికి ఇబ్బంది ఉండదు. బస్సువాళ్లు ఆ ప్రయాణాన్ని వదిలేసి మరో వేళ చూసుకోవడం మంచిది.

కళ్ల సంగతి ఎవరూ చెప్పరు, అందుకని చెబుతున్నాను. నలభై దాటాక చాలామంది చదవడం మానేస్తారు. ఆసక్తి తగ్గిందనుకుంటారు. వచ్చింది చత్వారం. పుస్తకాన్ని చెయ్యి చాచి దూరంగా పట్టుకుంటున్నారంటే, పగలు కిటికీ దగ్గర బాగా కనబడి రాత్రి లైటు కింద అలుక్కుపోతోందంటే అదే గుర్తు. పరీక్ష చేయించుకుంటే మొదట్లో ప్లస్ 1 దరిదాపుల్లో అద్దాలతో సరిపోతుంది. ఆసక్తి మర్నాడే తిరిగొస్తుంది. బైఫోకల్, ప్రోగ్రెసివ్ అద్దాలవాళ్లు పడుకుని చదవలేకపోవడానికి కారణం, దగ్గరి చూపు పవరు అద్దం అడుగు భాగంలో ఉండటం. తల దిండు మీద ఉంటే చూపు పై భాగంలోంచి పోతుంది. వాళ్లకు చదవడానికని ఒక విడి జత ఉంటే హాయి. అరవై దాటినవాళ్లకు అద్దాలు మార్చినా పేజీ మసగ్గా ఉంటే శుక్లాలు చూపించుకోవాలి. ఇక లైటు. గది మధ్యలో ట్యూబులైటు ఉండి మీరు దానికి వీపు పెట్టి కూర్చుంటే మీ నీడే పేజీ మీద పడుతుంది. భుజం వెనకనుంచి, పక్కగా, పేజీ మీద పడేలా 9 వాట్ల ఎల్‌ఈడీ దీపం ఒకటి చాలు.

పిల్లల విషయం రెండు మాటల్లో. చదవమని చెప్పకండి, చదివి వినిపించండి. పదిహేను నిమిషాలు, లైను కింద వేలు జరుపుతూ, పదేళ్లు వచ్చేదాకా. పిల్లవాడు చదవడం నేర్చుకోగానే పెద్దవాళ్లు వినిపించడం మానేస్తారు, అదే పొరపాటు. వాడు సొంతంగా చదవగలిగే పుస్తకం, విని అర్థం చేసుకోగలిగే పుస్తకం కంటే రెండు మూడు తరగతులు కిందే ఉంటుంది. ఆ మధ్య ఖాళీలో కథ పోతే ఆసక్తీ పోతుంది. 1947లో మొదలైన చందమామ మూడు తరాలకు ఆ ఖాళీని పూడ్చింది. అది ఆగిపోయాక ప్రతి నెలా ఇంటికొచ్చే అలాంటి మెట్టు మళ్లీ పడలేదు.

ఇదంతా ఇంట్లో చెయ్యగలిగింది. ఇంటి బయట జరగాల్సింది ఇంకా ఉంది.

ఈ గడ్డ మీద గ్రంథాలయాలు సర్కారు పెట్టినవి కావు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం, 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం జనం చందాలతో లేచినవి. 1914లో బెజవాడలో గ్రంథాలయ సంఘం ఏర్పడింది. ఆ పని వెనక అయ్యంకి వెంకటరమణయ్య ఉన్నాడు. 1935లో పాతూరి నాగభూషణం పుస్తకాలను పడవకెక్కించి కాలువ వెంబడి ఊళ్లకు తిప్పాడు. జనం పనులు మానుకుని పుస్తకం దగ్గరకు రాలేరని ఆయనకు తెలుసు. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి బాట వేసిన రంగనాథన్ 1931లో రాసిన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో నాలుగోది పాఠకుడి సమయాన్ని ఆదా చెయ్యమనే.

ఇవాళ చాలా శాఖా గ్రంథాలయాలు ఉదయం మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు తెరుస్తారు. ఉద్యోగి ఇంటికొచ్చేసరికి తలుపులు వేసి ఉంటాయి. సాయంత్రం ఒక గంట ఆలస్యంగా తెరిచి రాత్రి 8 దాకా ఉంచితే అదనంగా పైసా ఖర్చు లేదు. పఠన మందిరాలు నిండుగానే ఉంటున్నాయి, కానీ అక్కడ కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది సొంత గైడ్లు తెచ్చుకుని పోటీ పరీక్షలకు చదువుకునేవాళ్లు. వాళ్లకు చోటు కావాల్సిందే. దాంతో బీరువాల తాళాలు తీసే పని తగ్గిపోయింది. ఏ నవలైనా తీసి లోపల అంటించిన గడువు తేదీల చీటీ చూడండి, ఏ సంవత్సరం దగ్గర ముద్రలు ఆగిపోయాయో తెలుస్తుంది. బీరువాలు తెరిచి ఉంచి, పాఠకులే చేత్తో తీసి చూసుకునే వీలు కల్పిస్తే పుస్తకాలు కదులుతాయి. కొన్ని పోతాయి. పోయిన పుస్తకాన్ని కనీసం ఒక్కరైనా చదివి ఉంటారు, తాళంలో ఉన్న పుస్తకాన్ని చెదలు తప్ప ఎవరూ చదవరు.

డబ్బు లేదనకూడదు. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. పంచాయతీలూ మున్సిపాలిటీలూ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చెయ్యాలి. బకాయిల వార్తలు మీ జిల్లా పేజీల్లో చాలాసార్లు వచ్చాయి. మీ పాఠకులు తమ పన్ను రసీదు తీసి ఆ పద్దు చూసుకోవచ్చు. ఏడాదికి రెండు వేలు ఇంటిపన్నయితే 160 రూపాయలు. అది చెల్లించి కూడా లైబ్రరీ సభ్యత్వం తీసుకోనివాళ్లు భోజనానికి డబ్బు కట్టి తినకుండా లేచి వస్తున్నట్టే. సభ్యత్వానికి కావలసింది చిరునామా రుజువు, ఫొటో, తిరిగి ఇచ్చే కొద్దిపాటి డిపాజిట్టు.

ఇక మిమ్మల్ని అడిగేది. మీ ఆదివారం అనుబంధంలో ‘కొత్త పుస్తకాలు’ శీర్షిక కింద పేరు, రచయిత, వెల, ‘ప్రతులకు’ అని ఒక ఫోన్ నంబరు వేస్తున్నారు. దానికి మరో మూడు వివరాలు చేర్చండి. పేజీలెన్ని, డెమ్మీయా క్రౌనా, అక్షరం ఎన్ని పాయింట్లు. ప్రచురణకర్తలు పంపే ప్రతిలోనే ఇవన్నీ ఉంటాయి, మీ విలేకరికి రెండు నిమిషాల పని. ఇంకోటి, జిల్లా పేజీలో నెలకొకసారి ఆ జిల్లాలోని శాఖా గ్రంథాలయాల పనివేళలు, సెలవు రోజు, ఆ నెల కొత్తగా చేరిన తెలుగు పుస్తకాల జాబితా వెయ్యండి. చాలా జిల్లాల్లో శుక్రవారం సెలవని తెలియక తలుపు దాకా వచ్చి వెనుదిరిగినవాళ్లు రెండోసారి రావడం కష్టం.

భవదీయుడు,
ఒక విశ్రాంత గ్రంథపాలకుడు,
తెనాలి